బొమ్మలూరి తాళంచెవి

మార్కాపురం గుడి వీధిలో కోటిరత్నం పలకల దుకాణం. ముందర దుకాణం, వెనక ఇల్లు, మధ్యన ఒక పాత కర్టెన్. తమ్ముడు ఫణికృష్ణ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడంటే ఏదో పని పడే వచ్చాడని ఆమెకు తెలియనిది కాదు.

"ఇయ్యనని ఎవరన్నారు? బీరువా తాళంచెవి కనపడట్లే అంటున్నా."

"తాళంచెవి నీ మొలకే ఉంది గదక్కా. ఇక్కడికి కనపడతాంది."

"ఇది గల్లాపెట్టెది."

"గల్లాపెట్టెకి ఇంత పొడుగు తాళంచెవా?"

"నా గల్లాపెట్టె, నా ఇష్టం. ఆ డొక్కు మిషన్ కోసం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా ఏసుకోని వచ్చినావా? నీ పెండ్లిచూపులకి కూడా నలిగిన చొక్కాతోనే పోయినావు గదరా!"

"హైదరాబాదు నుంచి మేడం వస్తాందని చెప్పినా గదా. సుస్మిత అని. పాత వీడియో గేములన్నీ వెతుక్కోని, వాటి మీద ఒక సినిమా మాదిరి తీస్తాంది. మన బొమ్మలూరు కోసమే ఇంత దూరం వస్తాంది."

"రిలీజే కాని గేము మీద సినిమానా! ఇంక నయం, పుట్టని పిల్లకి ఉయ్యాల ఫంక్షన్ చేస్తామనలే."

"అదేనక్కా దాని గొప్ప. రిలీజ్ కాకుండానే అది..."

"గొప్పంట! అత్తా, విన్నావా? రిలీజ్ కాకపోవడమే మా వాడి గొప్పంట!"

"అత్తమ్మని ఎందుకు మధ్యలోకి లాగుతావు? పండుకోనీ పాపం."

"ఎవరే కోడలా, ఆ వచ్చింది?"

"మా తమ్ముడు, అత్తా! ఫణి! జెరాక్స్ ఫణి!"

"వాడా. ఈసారి ఏం పాడుచేసి పోదామని వచ్చినాడంట?"

"చూసినావా? మా అత్త నాగేంద్రమ్మకి ఎనభై దాటినాయి. చెవులు సగం పోయినాయి. మంచం దిగి గడప దాటి రాదు. నీ సంగతి మాత్రం ఎంత బాగా గుర్తుపెట్టుకుందో చూడు."

"నేనేం పాడు చేసినానక్కా ఈ ఇంట్లో?"

"గోడ గడియారం బాగు చేస్తానని విప్పి పోయినావు. దాని ముండ్లు ఇప్పటికీ దేవుడి గూట్లో ఉన్నాయి, పూజ చేసుకుంటాన్నాం."

"సరే, అది వదిలెయ్. టైమ్ లేదక్కా. మేడం దోర్నాల దాటితే ఇంక ఇక్కడికి ఎంతసేపు? ఒక్కసారి మిషన్ ఇస్తే సెల్లు ఏసి చూసుకుంటా, వెలుగుతాదో లేదో."

"వెలగకపోతే?"

"వెలగకపోతే ఆమె వెనక్కి పోతాది. వెలగని డబ్బా చూపించి ఇది నేనే చేసినా అంటే ఎవరు నమ్ముతారు? అక్కడ హైదరాబాదులో మా పాత మేనేజరు సీతారామాంజనేయులు స్టేజీ ఎక్కి, మైకు పట్టుకోని చెప్పుకుంటాన్నాడు. మనుషుల మొహాలు పెట్టుకోని తిరిగే బొమ్మల ఆలోచన తనదేనంట, క్యాన్సిల్ అయిన ఒక గేములో తనే మొదలుపెట్టినాడంట. అందరూ చప్పట్లు కొడతాన్నారు."

"ఎవరు, ఆ దొనకొండ సీతారామాంజనేయులా? చొక్కా జేబులో దువ్వెన పెట్టుకోని తిరిగేటోడు?"

"వాడే. ఇప్పుడు రామ్ అంట. పేరు కూడా కత్తిరించుకున్నాడు. కన్ను గీయమంటే కోడిగుడ్డు గీసేవాడక్కా! ప్రతి మొహం, ప్రతి నడక నేను గీసినవే. ఆ మిషన్ తెరిస్తే మొదటి తెర మీద నా పేరు వస్తాది. నా పేరు ఉండేది ఈ లోకంలో ఆ ఒక్క చోటే."

"కోడిగుడ్డు గీసినోడు కార్లలో తిరుగుతాన్నాడు. కన్ను గీసినోడివి నువ్వు, బస్టాండు ముందర కూర్చోని ఆధార్ కార్డులు జెరాక్స్ తీస్తాన్నావు. ఎవరి గీత బాగుందో తెలుస్తానే ఉంది."

"నువ్వు అను, ఎంతైనా అను. మిషన్ ఇచ్చి అను."

"అసలు ఏముందిరా దాంట్లో అంత? సబ్బుపెట్టె అంత మిషన్. నెత్తిన చొక్కా గుండీ అంత కెమెరా. మొహం చూపిస్తే ఫోటో తీసి ఒక బొమ్మకి తగిలిస్తాది. ఆ బొమ్మ ఊర్లో బలాదూరు తిరుగుతాది. అంతే గదా?"

"అంతేనా? అప్పట్లో గేమంటే ఎవడో తుపాకీ పట్టుకున్నోడు, లేకుంటే ఎవడో గోడలు దూకేటోడు. వాడిని మనం ఆడించాల. మన దాంట్లో నువ్వే నువ్వు. నీ మొహం, నీ కొప్పు. బజారుకి పోతావు, చీర కొనుక్కుంటావు, పక్కింటోళ్ళ పెండ్లికి పోతావు, తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కుతావు. ఇయ్యాల మన హరిత ఫోన్లో బొమ్మ ఉంది చూడు, కన్ను, ముక్కు, జుట్టు ఏరుకోని తన మాదిరి చేసుకుంటాది. అట్లాంటి బొమ్మలన్నిటికీ అవ్వ, జేజి మన బొమ్మలూరు."

"నా కూతురు ఆడుకునే బొమ్మకి జేజివా నువ్వు! ఆ సంగతి దానికి చెప్పినావా?"

"పోయినసారి ఒంగోలు నుంచి వచ్చినప్పుడు చెప్పినా."

"ఏమనింది?"

"నవ్వింది."

"నా కడుపున పుట్టింది, నవ్వదా మరి!"

"ఉండు, ఫోన్ మోగుతాంది. హలో, చెప్పండి మేడం! దోర్నాల చెక్‌పోస్టు దగ్గరున్నారా? టిఫిన్ అక్కడ వద్దు మేడం, శ్రీశైలం పోయే బస్సులు ఆగే హోటళ్ళు అవి, చట్నీ పొద్దుటిదో నిన్నటిదో... ఆ, తినేసినారా? సరే, ఏం కాదులెండి. మిషనా? ఉంది మేడం, మంచి కండిషన్లో ఉంది. ఎందుకు వెలగదు, వెలుగుతాది. బొమ్మ కండ్లు తెరవడం కూడా వీడియో తీసుకోవచ్చు. మా అక్క ప్రాణం మాదిరి దాచిపెట్టింది మేడం. రండి, రండి."

"నోరు తెరిస్తే అబద్ధం! వెలుగుతాదో లేదో తెలియదని ఇప్పుడే గదా నాతో అంటివి?"

"ఏం చెప్పమంటావు మరి? వెలగదేమో అంటే చెక్‌పోస్టు కాడే బండి తిప్పుకోని పోతాది. నాకు మాత్రం భయం లేదా? ఇరవై ఏండ్లు బీరువాలో పడి ఉన్న మిషన్. సెల్లు లోపలే వదిలేసింటే అవి కారిపోయి, మొత్తం తుప్పు పట్టింటాది."

"తుప్పేం పట్టలే."

"ఏంది?"

"అంటే... పట్టిండదు అంటున్నా. బీరువాలో కలరా ఉండలు ఏసినా గదా."

"కలరా ఉండలకి, తుప్పుకి ఏం సంబంధం?"

"నీకు, తెలివికి ఏం సంబంధమో అదే."

"అక్కా, నాకు కూడా రోషం ఉంటాది."

"ఉంటే మంచిదే. ఆ రోషం దొరల ముందర చూపించాల్సింది. నువ్వు చేసిన నిర్వాకం నేను మరిచిపోయినాననుకున్నావా? ఈ దుకాణంలోనే గదా అందరినీ ఇదే స్టూలు మీద కూర్చోబెట్టి మొహాలు పట్టుకున్నావు? మొదట నాది. తర్వాత పక్కింటి యశోదది, ఎదురింటి అలివేలమ్మది. మీ బావ కూడా గుడికి పోయొచ్చి, తల దువ్వుకోని మరీ కూర్చున్నాడు. అందరి బొమ్మలు అద్దంలో చూసినట్టు వచ్చినాయి. ఎంత సంబరపడినామో! నువ్వు కాలర్ ఎగరేసుకోని హైదరాబాదు బస్సు ఎక్కినావు. ఆ తర్వాత ఏమయింది? చెప్పు."

"నీకు తెలుసు గదా."

"తెలుసు. నీ నోటితో వింటే ఇంకా బాగుంటాది."

"బయటి దేశం నుంచి వచ్చిన పెద్దసారుకి... చొక్కా గుండీలు కండ్లయినాయి."

"ముక్కు?"

"టై ముడి."

"అబ్బబ్బ, ఎప్పుడు విన్నా కడుపు చల్లగా ఉంటాది! దొర మొహానికి టై ముడి ముక్కు! ఎందుకయింది అట్ల? అదీ చెప్పు."

"ఆ కాలం కెమెరాకి ఏం తెలుస్తాదక్కా? అంతా మసక మసక. కన్నేదో ముక్కేదో దానికి తెలిసేది కాదు. నుదుటి మీద బొట్టు ఒక్కటే నల్లగా, గుండ్రంగా, స్పష్టంగా కనపడేది. అందుకని బొట్టుని పట్టుకోమన్నా. బొట్టుకి ఇంత కిందన కండ్లు, ఇంత కిందన ముక్కు అని కొలత రాసినా. మనోళ్ళందరికీ బొట్లే గదా, మగోళ్ళకి కూడా. ఎవరికీ తేడా రాలే. ఆ సారు గడ్డం మీద పెద్ద పుట్టుమచ్చ ఉంది. మిషన్ దాన్నే బొట్టనుకోని, అక్కడి నుంచి కిందికి కొలిచింది."

"లోకంలో బొట్టు లేని మొహాలు ఉంటాయని నీకు తోచనే లేదు."

"తోచలే."

"లోకమంటే మార్కాపురం గుడి వీధి అనుకున్నావు. ఇంత చదువు చదివి, అంత ఊర్లో ఉద్యోగం చేసి! అలివేలమ్మని అడిగినా చెప్పేది, దొరలు బొట్టు పెట్టుకోరని."

"ఆ పొద్దే క్యాన్సిల్ చేసినారు. సరే, తప్పే. కానీ ఆ తప్పు చూసే గదా, తర్వాత వచ్చినోళ్ళు ఫోటోల గొడవ వద్దు, కండ్లు ముక్కులు వాళ్ళే ఏరుకుంటారులే అన్నారు? నుదుటి నడిమధ్య నుంచి మొహాన్ని కొలిచే పద్ధతి మాత్రం నాదే తీసుకున్నారు. అది సీతారామాంజనేయులు వాళ్ళకి మోసినాడు."

"అంటే నువ్వు చెడగొట్టడం వల్ల లోకం బాగుపడింది. దండ ఏస్తారులే ఆ మేడం వచ్చి."

"నీ పలకలు మాత్రం ఎవరు కొంటాన్నారు? పిల్లలందరి చేతుల్లో ఫోన్లే."

"పలకలు ఇప్పుడు పిల్లోళ్ళకి కాదురా, ఉన్నోళ్ళ ఇండ్ల గోడలకి. ఈ రాయి గోడకైనా పనికొస్తాది. నువ్వు చేసింది దేనికి పనికొచ్చింది? ఆ బొమ్మ, దాని పచ్చచీర, దాని వయ్యారం!"

"పచ్చచీరా? అక్కా, నా దగ్గరున్నప్పుడు నీ బొమ్మది ఎర్రచీర."

"ఏదో ఒక చీర. ఎవరికి గుర్తుంటాది?"

"నాకు గుర్తుంటాది. రాసింది నేను. పచ్చచీర దుకాణంలో దొరకదు. మెట్లన్నీ ఎక్కి కొండ మీది గుడికి పోతే అక్కడ ఇస్తారు. దానికి ఎంత ఆడాలో తెలుసా? మా ఆఫీసులోనే ఎవరికీ రాలే."

"నేనేం కొండ ఎక్కలేదురా! నాకు బజారు, పెండ్లిండ్లు, అంతే. ఆ కొండ దిక్కు నేను ఎప్పుడూ..."

"ఎప్పుడూ?"

"నోరు ముయ్యి."

"ఆడతాన్నావు! అక్కా, నువ్వు ఆడతాన్నావు! అందుకేనా బలపాల డబ్బా పక్కన పెన్సిల్ సెల్లు పెట్టినావు? పలకల దుకాణంలో సెల్లు ఎందుకబ్బా అని వచ్చినప్పటి నుంచి చూస్తాన్నా."

"పేరు కలిసిందని పెట్టినా. పోయి నీ పని చూసుకో."

"ఇంతసేపు నన్ను తిడతివి! డొక్కు మిషన్ అంటివి, సబ్బుపెట్టె అంటివి. మిషన్ బాగుందని ఒక్క ముక్క చెప్పింటే నా గుండె... ఆగు. ఆగక్కా. అది నీకు ఎట్ల తెరుచుకుంటాది?"

"ఎట్లంటే? గుండీ నొక్కితే."

"గుండీ నొక్కినాక మొహం చూపించమంటాది గదా."

"చూపిస్తా."

"బావ పోయినాక నువ్వు... నీ నుదుటి మీద..."

"ఏందిరా అట్ల చూస్తావు?"

"బొట్టు లేకుంటే అది తెరుచుకోదక్కా."

"తలుపు గొళ్ళెం పెట్టుకోని పెట్టుకుంటా. చాలునా? మధ్యాన్నం దుకాణం మూసి, అత్త నిద్రపోయినాక, గదిలో గొళ్ళెం పెట్టుకోని, దేవుడి గూట్లో కుంకుమ తీసి పెట్టుకుంటా. ఆడినంతసేపు ఆడి, తుడుచుకోని బయటికి వస్తా. ఇంకేం కావాల నీకు? వీధిలోకి పోయి దండోరా ఏసి రా!"

"నేనేమన్నా అన్నానా?"

"అనాల్సిన పని లేదు, నీ మొహంలోనే ఉంది. మీ బావ పోయిన పదోరోజు ఈ ముసలమ్మే నా ముందర నిలబడి తుడిపించింది. కొడుకు పోయిన దుఃఖంలో కూడా పద్ధతి మరిచిపోలే. మా వంశంలో ఇంతే, నాకు నిండా ముప్పై రాకముందే తుడిచినారు, నేను ఏడ్చినానా అనింది. యశోద మొగుడు పోయినా బొట్టు పెట్టుకోని నిక్షేపంగా బజారుకి పోతాంది, ఎవరూ ఏమీ అనలే. ఈ ఇంట్లోనే కాలం ఆ గోడ గడియారం మాదిరి ఆగిపోయింది. పలక తుడిచినట్టు తుడిచినార్రా నన్ను."

"నాకు ఎప్పుడూ చెప్పలే నువ్వు."

"చెప్తే ఏం చేసేటోడివి? జెరాక్స్ తీసిచ్చేటోడివా? అప్పుడు బీరువా సర్దుతాంటే నీ మిషన్ కనపడింది. దొనకొండ స్టేషన్లో రైలు కింద ఏస్తానని నువ్వు పోతాంటే నేను గుంజుకోని దాచిందే గదా. ఊరికే సెల్లు ఏసినా. మొహం చూపించమనింది. చూపించినా. తెరుచుకోలే. ఎన్నిసార్లు చూపించినా తెరుచుకోలే. నాకు ఒళ్ళు మండింది. పేరంటాలకి పిలిచేటోళ్ళు మానేసినారు, సరే. పెండ్లిండ్లలో ఎనక వరసలో కూర్చోమన్నారు, సరే. నువ్వెవరే, మా ఫణిగాడు చేసిన డబ్బావి, నువ్వు కూడా నన్ను గుర్తుపట్టవా అనుకున్నా. అంతే, పోయి కుంకుమ తెచ్చి పెట్టుకున్నా. బొమ్మ కండ్లు తెరిచింది. నన్ను చూసి నవ్వింది. నువ్వు జన్మలో ఒక పని సరిగ్గా చేసినావంటే అదొక్కటేరా. ఊర్లో అందరూ మరిచిపోయినా, అది నన్ను గుర్తుపట్టింది. పట్టినట్టే గదా?"

"ఆ... బొట్టు కనపడింది గదా. పట్టినట్టే."

"ఏందిరా ఆ నీళ్ళు నమలడం?"

"నమలట్లే. నీ మొహమే దానికి మొదటి మొహం. నీకే తెరుచుకుంటాది."

"నాకు ఒక్కదానికేనా?"

"నీకు ఒక్కదానికే అక్కా."

"మరి ఈ మధ్య దానికి మతి ఎందుకు చెడింది? నేను బజారులో వదిలేసిన బొమ్మ మర్నాడు చూస్తే కొండ మెట్ల మీద ఉంటాది. ఆ పచ్చచీర నేను కట్టింది కాదు. ఉగాది పోయినాక చూస్తే అదే కట్టుకోని నిలబడింది. సెల్లు కూడా ఊరికే అయిపోతాన్నాయి. నీ చేతి పని గదా, ఇంతేలే అనుకున్నా."

"దానంతట అది కదలదక్కా. ఎవరో ఒకరు ఆడితేనే."

"ఎవరు ఆడతారు? హరిత వచ్చి నెలలయింది. ఇంట్లో ఉండేది నేను, ఆ ముసలమ్మ. దయ్యం వచ్చి ఆడతాదా? నా మొహానికే తెరుచుకుంటాదని నువ్వే అంటివి."

"అవును, అన్నా... పాతదయింది గదా. లోపల ఏదో లూజయింటాది. హలో! మేడం! వచ్చేసినారా? గుడి గోపురం కనపడతాందా? దాని ఎదురు వీధే. పలకల దుకాణం ఏదంటే ఎవరైనా చూపిస్తారు. బండి పెట్టుకోని రండి మేడం, చిన్నగా రండి. ఎండగా ఉంది, ఒక సోడా తాగి రండి!"

"సోడా తాగించి ఎంతసేపు ఆపుతావు?"

"అక్కా, వద్దులే. మిషన్ పాడయిందని చెప్పి పంపించేస్తా."

"ఎందుకు?"

"బొమ్మ తెరుచుకోవాలంటే నువ్వు... ఆమె కెమెరా ముందర, ఇంత వీధిలో... వద్దు. నా పేరు పోతే పోనీ. ఇన్నేండ్లు లేని పేరు ఇప్పుడు లేకుంటే ఏం?"

"పంపించేసి? మళ్ళీ బస్టాండు ముందర కూర్చోని, వచ్చినోడికీ పోయినోడికీ ఆ కోడిగుడ్డోడి కథ చెప్తావా? అది వినలేక జనం జెరాక్సులు గిద్దలూరు పోయి తీయించుకుంటాన్నారు."

"నాకోసం నువ్వు మాట పడొద్దక్కా."

"నీకోసమంట! ఎంత బలుపు చూడు. నీకోసం కాదురా. నేను తప్పు చేసిన దాని మాదిరి, గొళ్ళెం పెట్టుకోని బొట్టు పెట్టుకోవడం నాకు విసుగొచ్చింది. ఏం, దొంగతనం చేస్తాన్నానా? నా నుదురు, నా కుంకుమ. లే, లేచి మిషన్ తీసుకురా."

"బీరువా తాళంచెవి ఇయ్యి."

"బీరువాలో లేదు."

"మరి?"

"అత్త మంచం కింద, పాత పలకల పెట్టెలో. బీరువా అయితే హరిత తెరుస్తాది. ఆ పెట్టె మీదికి ఎవరి కన్నూ పోదు. ముసలమ్మ వంగలేదు, వంగినా ఏముందో చూడలేదు. ఈ ఇంట్లో దానంత భద్రమైన చోటు ఇంకోటి లేదు. చిన్నగా పో, లేపినావంటే చంపుతా."

"చెప్పులు విడిచే పోతాలే."

"దొరికిందా?"

"దొరికింది. అత్తమ్మ గోడ దిక్కు తిరిగి పండుకోనుంది. అక్కా, ఇది పెట్టెలో అడుగున పెట్టినావా, పైనా?"

"అడుగున. పైన పలకలు పేర్చి."

"పైనే ఉంది."

"నీకు అడుగేదో పైనేదో తెలిస్తే ఇట్ల ఎందుకుంటావు? తే ఆ గూట్లో కుంకుమ భరిణె. అద్దం పట్టుకో. సరిగ్గా పట్టుకోరా, మేడం వచ్చేలోపల పెట్టుకోవాల. ఇరవైసార్లు లోపల పెట్టుకున్నా ఇంత భయం కాలే."

"వద్దంటే మానెయ్యక్కా. ఇప్పటికైనా..."

"నువ్వు మాట్లాడొద్దు. వీధంతా చూస్తాది. చూడనీ. అలివేలమ్మ చూస్తాది, ఊరంతా మోస్తాది. మొయ్యనీ. ఈ ముసలమ్మ ఒక్కతి లేవకుంటే..."

"కోడలా!"

"అయ్యో, లేచింది! ఏం లేదత్తా! పలకలు... పలకలు దించుతాన్నాం!"

"కుంకుమతో దించుతారంటనే పలకలు? నాకు కావాల్సినవి నాకు బాగానే వినపడతాయిలే. ఆ పనికిమాలినోడిని అద్దం తిన్నగా పట్టుకోమను. బొట్టు నడిమధ్యన పెట్టుకో, ఇంత పక్కకి జరిగినా అది కండ్లు తెరవదు, నేను పెట్టుకోని ఆడేటప్పుడు చూస్తానే ఉన్నా. ఆ వచ్చేదానికి బొమ్మని ఎట్లయినా చూపించుకోండి, నా పచ్చచీర మాత్రం మార్చొద్దు, ఆ కొండంతా ఎక్కి తెచ్చుకునేసరికి నా ప్రాణం పోయింది."